మూడో నెల దాకా దాచుకున్న మాట

ఎవరైనా సోడాలో నిమ్మచెక్క పిండితే చాలు, ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు విజయక్క గుర్తొస్తుంది. డబ్లిన్ శివారులోని మందుల ఫ్యాక్టరీలో నేను చేరిన ల్యాబ్‌కు ఆవిడే బాస్. వరంగల్ మనిషి. ఐర్లండ్‌లో ఇన్నేళ్లున్నా యాస మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ గదిలోకి వస్తే మేమంతా సర్దుకుని కూర్చునేవాళ్లం.

నాకు నెల తప్పిందని తెలిసిన వారంలోనే టీమంతా పబ్బుకు వెళ్లాం. మూడో నెల నిండేదాకా బయట పెట్టొద్దని మా అత్తగారి ఆజ్ఞ. ఇక్కడేమో ఒక్కొక్కరూ వంతులవారీగా అందరికీ డ్రింకులు తెప్పించడం ఆనవాయితీ. ఎప్పుడూ ఒక గ్లాసు వైన్ తాగేదాన్ని, ఆ రోజు వద్దంటే టేబులంతా ఇట్టే పసిగడుతుంది. ఒక్క గుక్కకే ఏమవుతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకుని గ్లాసు అందుకున్నాను. విజయక్క నా ముఖం చూసింది. "ఈ రౌండు నాది" అంటూ లేచి, పోతూ పోతూ నా గ్లాసు కూడా పట్టుకుపోయింది. తిరిగొచ్చి పొడుగాటి గ్లాసులో నిమ్మకాయ సోడా నా ముందు పెట్టింది. చూసినవాళ్లు జిన్ అనుకున్నారు.

బయటికి వచ్చాక బస్‌స్టాపులో నాకు ఏడుపు ఆగలేదు. "తెలియకముందు ఒక గృహప్రవేశం పార్టీలో రెండు గ్లాసుల వైన్ తాగేశానక్కా. బిడ్డకేమైనా అవుతుందా?"

"నేనేమన్న డాక్టర్నా? ఇంత తాగితే ఏం గాదని ఎవ్వరూ చెప్పలేరు పిల్లా. కడుపుల బిడ్డ మెదడు మీద పడ్తదంటరు. ఇప్పటి సంది ముట్టకు, గంతే. రేపే మీ జీపీ డాక్టరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పు."

"మూడో నెల నిండకుండా ఎలా చెప్పనక్కా?"

"చుట్టాలకు దాచుకో, నేనొద్దన్ననా? డాక్టరుకు దాస్తవా?"

చుట్టాలకూ డాక్టరుకూ తేడా ఉందని అప్పటిదాకా నాకు తట్టనే లేదంటే మీరు నవ్వుతారేమో. మర్నాడు జీపీ అంతా విన్నాడు, కోప్పడలేదు. ఏమీ కాదని మాట ఇవ్వలేనన్నాడు. కానీ ఇంత తొందరగా మానేయడం బిడ్డకు పెద్ద మేలని, ఇక చుక్క కూడా వద్దని చెప్పాడు. ఆ నెలలన్నీ లోపల గుబులు ఉండనే ఉంది. పార్టీ ఏదైనా నా సోడా తేవడానికి విజయక్క అందరికంటే ముందు బార్ దగ్గరికి వెళ్లేది.

పాప పుట్టింది. డాక్టర్లు అటూ ఇటూ తిప్పి చూసి, అంతా బాగుందని ఇక్కడివాళ్లు అనే "గ్రాండ్" అన్నాక, నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని వెక్కివెక్కి ఏడ్చాను. దిగులుతో కాదు. విజయక్క పాపను ఎత్తుకుని "మంచిగున్నది, ఇగ నువ్వు పండుకో" అంది.

ఇప్పుడు నాకూ ఒక టీమ్ ఉంది. తాగనన్న అమ్మాయిని ఎందుకని నేను అడగను, పక్కవాళ్లను అడగనివ్వను. ఆ ఒక్క ప్రశ్నకు జడిసే కదా, కడుపులో బిడ్డ ఉందని తెలిసీ ఆ రోజు నేను గ్లాసు అందుకున్నది.