సనాబిస్ మందు, మా పులుసు చట్టి

కీమో మొదలయ్యాక మా వదినకి అన్నం వాసన కూడా పడటం లేదు. పోపు వేస్తే చాలు, బాత్రూముకి పరుగు. బరువు ఇంకా తగ్గితే తర్వాతి కీమో వాయిదా వేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పారు. వదిన నవ్వేసింది గానీ నాకు భయం పట్టుకుంది. ఆమె పనిచేసే ఇంటి మేడమ్ సనాబిస్‌లో ఒక చైనా మూలికల వైద్యశాల ఉందని చెప్పింది. కీమో డాక్టరుగారిని అడిగితే, "వెళ్లండి, కానీ వాళ్లిచ్చిన ప్రతిదీ నాకు చూపించాకే తాగించండి" అన్నారు.

పని కోసం గల్ఫుకొచ్చిన మేముండేది అరాద్‌లో. శనివారం తొమ్మిదింటికి బస్సెక్కి, మనామాలో మారి, పదిన్నరకల్లా సనాబిస్ చేరాం. ఎక్కిన ప్రతిసారీ మనిషికి మూడు వందల ఫిల్సులు, వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు. ఎండెక్కితే నడవలేం కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. చైనా డాక్టరమ్మ నాడి చూసి, నాలుక చూసి, ఎండు కమలా తొక్కలు, అల్లం, ఏవో వేళ్లు పొట్లాలు కట్టింది. ఎనిమిది దినార్లయింది. ఇనుప గిన్నె, అల్యూమినియం వద్దు, మట్టి పాత్రలోనే కాచాలని వచ్చీరాని హిందీలో రెండుసార్లు చెప్పింది.

వదిన నీరసపడిపోయింది కాబట్టి అక్కణ్నుంచి టాక్సీ మాట్లాడుకున్నాం. దారిలో ఆస్పత్రి దగ్గర ఆగితే, కీమో మందుతో పడదని డాక్టరుగారు ఒక వేరు తీసేయించి, మిగతావి పరవాలేదన్నారు. డ్రైవరుది జగిత్యాల. పొట్లాల వాసనకి అద్దం దించేశాడు.

"గిదేం మందక్కా? గల్ఫుకొచ్చి పదేండ్లాయె, గిసొంటి వాసన ఎన్నడు సూడలే."

"తాగేది నేను తమ్ముడూ, నువ్వెందుకలా అయిపోతున్నావ్?" అంది వదిన.

ఇంట్లో మట్టిది ఒక్కటే ఉంది, అమలాపురం నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న చేపల పులుసు చట్టి. ఉప్పేసి, వేడినీళ్లు పోసి, తోమి తోమి అందులోనే కాచాను. గ్లాసు నోటిదాకా తీసుకెళ్లిన వదిన ఆగిపోయింది.

"ఏంటే పద్దూ, పులుసు చట్టిలో కాచేవా?"

అయిపోయింది, ఇక వాంతే అనుకుని బకెట్టు తెచ్చాను. ఆమె ఇంకోసారి వాసన చూసి, కళ్లు మూసుకుని గడగడా తాగేసింది. కాసేపాగి, "ఇంట్లో చేపలున్నాయేంటే?" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. అన్నయ్య చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ముహర్రక్ మార్కెట్టుకి పరిగెత్తాడు. ఆ రాత్రి వదిన నాలుగు ముద్దలు తిని, ఐదో ముద్దకి ఇంకాస్త పులుసు వేయమంది.

మందు పనిచేసిందో, చట్టి పనిచేసిందో నేను చెప్పలేను. జబ్బుని తగ్గించాల్సింది కీమోనే, ఇది కడుపులో తిప్పడం తగ్గడానికేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. తర్వాతి కీమో మాత్రం అనుకున్న రోజునే జరిగింది, నాకదే పెద్ద సంతోషం. వెళ్లేవాళ్లకి ఒక్కమాట: పొట్లం విప్పేముందు మీ కీమో డాక్టరుకి తప్పకుండా చూపించండి. మందుకి విడిగా కొత్త చట్టి కొందామని నేనంటున్నాను, వదిన ఒప్పుకోవడం లేదు.