రోడ్డుకు ముఖం పెట్టిన కారు

కారు ఎలా ఆపాలన్న విషయంలో మా ఆళ్లగడ్డలో ఎవరికీ పట్టింపు లేదు. చోటు కనబడితే ముక్కు దూర్చేస్తారు, దిగి తాళం వేసుకుని పోతారు. నాది బస్టాండుకు పోయే దారిలో రంగుల అంగడి. పొద్దున షట్టరు ఎత్తేసరికి ఎవరిదో ఒక కారు నా మెట్లను ఆనుకుని ఉంటుంది. అడిగితే "ఒక్క నిమిషమన్నా" అంటారు. ఆ నిమిషం భోజనాల వేళ దాకా సాగుతుంది. పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు ఉంది. సగం చెక్కిన దేవుళ్లు కూడా రోడ్డుకు ముఖం పెట్టి పద్ధతిగా నిలబడి ఉంటారు, ఈ మనుషులకేం వచ్చిందని నేను రోజూ గొణుక్కుంటాను.

నేను మాత్రం ఎక్కడైనా వెనక్కే పెడతాను. కల్యాణమండపమైనా, బ్యాంకైనా అంతే. ఒకసారి శ్రీశైలంలో నా వెనక బండ్లన్నీ హారన్లు కొడుతుంటే, యాత్రికులు తిడుతుంటే, ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తిప్పి, ముఖం రోడ్డుకు వచ్చాకే దిగాను. మా తమ్ముడు దీన్ని చూసి, పెళ్లిలో తిన్న వెంటనే పారిపోవడానికని చుట్టాలందరితో చెప్పి నవ్విస్తాడు. నేను కూడా నవ్వి ఊరుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే నా భార్య గురించి చెప్పాలి. పెళ్లిపందిట్లో చెప్పే మాట కాదది.

ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలన్నారు. ఆళ్లగడ్డ నుంచి తిప్పితే తట్టుకోలేదని నంద్యాలలో ఆస్పత్రికి దగ్గరగా ఒక ఇంట్లో పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. గేటు తీస్తే బేతంచెర్ల బండలు పరిచిన సన్నటి పొడుగాటి జాగా, ఒక్క కారు పడుతుంది. దాని చివర మా వరండా. గేటు పక్కనే ఉన్న చిన్న పోర్షన్‌లో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఒక్కడే ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయనను నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు, కోపం వస్తే శెట్టీ అనేవాడు.

చేరిన మొదటి నెలలోనే ఒకరోజు తెల్లవారుతుండగా ఆమెకు ఊపిరి ఆడలేదు. ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాను. కారు ముక్కు లోపలికి ఉంది. వెనక్కి తీద్దామంటే గేటుకు అడ్డంగా ఇటుకల ట్రాక్టరు. ఎదురింట్లో కొత్తగా కడుతున్నారు. డ్రైవరు ఎక్కడికి పోయాడో తెలియదు. నేను హారను కొడుతూనే ఉన్నాను. ఆమె ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని వంగిపోయి ఉంది. కండక్టరు లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చి, పాత విజిలు ఊది, వీధి మొత్తాన్ని లేపి, ట్రాక్టరు తీయించాడు. తర్వాత నా కారు వెనక నిలబడి రోడ్డు మీదికి రానిచ్చాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పి, చేయాల్సింది చేశాడు. ఆమె బతికింది. కానీ ఆ పది నిమిషాలు నన్ను వదలలేదు.

ఆ సాయంత్రం నుంచి కారు వెనక్కి పెట్టడం మొదలుపెట్టాను. ముఖం రోడ్డుకు ఉంటే తాళం తిప్పి పోవడమే. ఆ సన్నటి జాగాలోకి వెనక్కి రావడం నాకు చేతనయ్యేది కాదు, అటు గోడ, ఇటు నీళ్ల పంపు. కండక్టరు వెనక నిలబడి "రానీ, రానీ, రానీ" అనేవాడు. సరిగ్గా వచ్చాక డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. అంటే చాలని.

ఆయనకు నా పద్ధతి నచ్చేది కాదు. బస్సు ఎప్పుడైనా వీపు చూపిస్తూ స్టాండులోకి వస్తుందా అని వాదించేవాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడిన జనానికి బస్సు ముఖం కనబడాలట, పోయేటప్పుడు వెనక్కి తీసుకోవడానికి కండక్టరు ఎటూ ఉన్నాడట. నేను మీ బస్సులో ఆస్పత్రికి పోయే మనిషి లేదు కదన్నా అనేవాణ్ణి. మర్నాడు మళ్లీ అదే వాదన పెట్టుకునేవాడు.

ఆమెకు కూడా నచ్చలేదు. డయాలసిస్ లేని రోజుల్లో నేను అంగడికి పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేది. నాకు అద్దంలో చిన్నగా కనబడేది, కండక్టరు భుజం పక్కన. ఒకరోజు నవ్వుతూనే అంది.

"ఎప్పుడు జూసినా పోయేవాళ్ల మాదిరే పెడతారు బండి. ఒక్కరోజన్నా వచ్చినోళ్ల మాదిరి పెట్టండి."

నీ కోసమే కదా అన్నాను.

ఏడాదిన్నర అలా పెట్టాను. ఆ ఏడాదిన్నరలో మళ్లీ ఒక్కసారి కూడా హడావుడిగా పరుగెత్తాల్సిన అవసరం రాలేదు. తాళం తిప్పి దూసుకుపోవడానికి నేను రోజూ సిద్ధంగా ఉన్నాను, అంతే.

ఆమె పోయింది ఆస్పత్రిలోనే, మామూలుగా డయాలసిస్ జరిగే రోజు, మధ్యాహ్నం పూట. ఆరోజు మేం కొంచెం ఆలస్యంగా పోయాం. చోటు దొరక్క కారు ముక్కు లోపలికి పెట్టి పైకి వచ్చేశాను. మంచం పక్కన కూర్చున్నానే కానీ మనసంతా కింద ఉన్న కారు మీదే. కిటికీలోంచి చూస్తే దాని వెనక ఇంకో రెండు కార్లు వచ్చి చేరుతున్నాయి. ఇప్పుడు తిప్పుకోకపోతే ఇరుక్కుపోతానని లేచాను. కిందికి పోయి బండి తిప్పి పెట్టి వస్తానని ఆమెకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"ఎందుకండీ ఇప్పుడు," అంది.

ఎవరూ తిప్పమనలేదు. ఆస్పత్రివాళ్లూ అడగలేదు. నా అంతట నేనే దిగిపోయాను. ఒక కారు వాణ్ణి వెతికి, ఇంకొకాయనతో గొడవపడి, వాచ్‌మన్‌ను వెనక నిలబెట్టుకుని, ముఖం రోడ్డుకు వచ్చేలా చక్కగా పెట్టాను. పని బాగా కుదిరిందని తృప్తిగా మెట్లెక్కాను. పైకి వచ్చేసరికి ఆమె మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. నర్సు నన్ను చూసి ఎక్కడికి పోయారని అడిగింది. నేను కారు సంగతి చెప్పలేకపోయాను. మందులకు పోయానన్నాను. మా తమ్ముడికీ అదే చెప్పాను. మొదట ఒకరికి ఏ అబద్ధం చెప్పామో ఆ తర్వాత అందరికీ అదే చెప్పాల్సి వస్తుంది.

ఇల్లు ఖాళీ చేసి ఆళ్లగడ్డకు వచ్చేయమని మా తమ్ముడు ఎన్నోసార్లు అన్నాడు. అంగడి పైన రెండు గదులు ఉన్నాయి కూడా. చూస్తాలే అంటూ రెండేళ్లు గడిపాను. రోజూ పొద్దున ఆళ్లగడ్డకు, సాయంత్రం నంద్యాలకు. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్ల వెనక ఈడ్చుకుంటూ వస్తుంటే, ఎవరి కోసం పోతున్నావురా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. అన్నం నేనే వండుకుని, టీవీ పెట్టుకుని, ఏం చూస్తున్నానో తెలియకుండా తినేవాణ్ణి. కానీ గేటు దగ్గర హారను కొట్టగానే కండక్టరు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి వెనక నిలబడేవాడు. రోజు మొత్తం మీద నన్ను ఇంట్లోకి రమ్మనే మాట ఆ "రానీ" ఒక్కటే. వెనక కెమెరా పెట్టించుకోమని అంగట్లో పనివాళ్లు చెప్పేవారు. నాకు మనిషి ఉన్నాడు, కెమెరా ఎందుకనేవాణ్ణి.

ఆ మనిషికి మోకాళ్లు పట్టేశాయి. బేతంచెర్లలో ఆయన కూతురు ఉంది, అల్లుడికి బండలు పాలిష్ పట్టే పని. ఆ కూతురు వచ్చి ఇంక ఒక్కణ్ణే ఉండనివ్వనని తేల్చి చెప్పింది. పోయే ముందురోజు సాయంత్రం నేను మామూలుగానే రోడ్డు మీద కారు తిప్పుకుని రివర్స్ గేరు వేశాను. అద్దంలో ఆయన కనబడుతున్నాడు కానీ "రానీ" అనడం లేదు. డిక్కీ మీద చేయి పెట్టి అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత మెల్లగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఈ పొద్దు ముందుకు పెట్టప్పా," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రేపటి నుంచి ఉండని మనిషికి నా కారు గోల ఎందుకన్నాను. అనకూడనివి ఇంకో రెండు మాటలు కూడా అన్నాను. ఆయన శెట్టీ అనలేదు, కోపం తెచ్చుకోలేదు.

"ఆయమ్మ పోయి రెండేండ్లాయ. ఇంకా ఎవుర్ని ఆస్పత్రికి తీసకపోవల్లని పెడతాండావ్ మొగం రోడ్డుకు?"

ఇంజన్ ఆపేశాను. కారు సగం గేట్లో, సగం రోడ్డు మీద. అలా కూర్చునే, స్టీరింగు వైపు చూస్తూ, ఆయనకు అంతా చెప్పేశాను. మందులకు పోలేదని, కారు తిప్పడానికి పోయానని. రోడ్డు మీద ఆటోవాళ్లు హారను కొడుతున్నారు. ఆయన చేత్తో వాళ్లను పక్క నుంచి పొమ్మని సైగ చేస్తూనే విన్నాడు. అయిపోయాక కిటికీ మీద చేయి ఆనించి అన్నాడు.

"ముప్పై ఏండ్లు బస్సు ఎనక నిలబడినోన్ని నేను. ఎనక నిలబడి రానీ రానీ అంటాంటే, ముందర డోర్లో ఎవురు దిగిపోయిందీ నాకు యాడ తెలుస్తాది? అది తప్పనుకుంటే ఒక్కనాడూ బస్సు తీయలేం."

ఆ మాటకు నాకు ఊరట కలిగిందని చెప్పలేను. మొండితనానికి ఆరోజు కూడా వెనక్కే పెట్టాను. ఆయన మోకాళ్లు పట్టుకుంటూ పోయి వెనక నిలబడ్డాడు, "రానీ" అన్నాడు, రెండు దెబ్బలు కొట్టాడు. మర్నాడు నేను అంగట్లో ఉండగా కూతురు వచ్చి ఆయన్ను తీసుకుపోయింది.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చాను. అలవాటుగా హారను కొట్టి, తర్వాత గుర్తొచ్చి, దిగి గేటు నేనే తీశాను. ఆయన తలుపుకు తాళం. రివర్స్ గేరు వేసి అద్దంలో చూస్తే ఖాళీ బండలు తప్ప ఏమీ లేవు. వెనక ఎవరూ లేకుండా ఆ జాగాలోకి పోవడానికి కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు. చివరికి కారు రోడ్డు చివరి దాకా తీసుకుపోయి, తిప్పుకొచ్చి, జీవితంలో మొదటిసారి కారు నడిపేవాడి మాదిరి మెల్లగా ముక్కు లోపలికి పెట్టాను.

కారు లైట్లు వరండా మీద పడ్డాయి. ఆమె కుర్చీ అక్కడే ఉంది. నేనే తీయలేదు. ఇన్నేళ్లూ దాన్ని అద్దంలో అంతంత చిన్నగా చూశాను, ఇప్పుడు కారు ముందు అద్దం అవతల ఎదురుగా, పెద్దగా ఉంది. రోజంతా ఒక్కతే కూర్చుని ఎదురుచూసిన మనిషి దగ్గరికి ఏడాదిన్నర నేను వీపు పెట్టుకుని వచ్చాను. ఆమె చూసింది నా కారు డిక్కీని. ముందుకు వచ్చి ఉంటే రోజూ గేటు దగ్గర నుంచే ఆమె ముఖం చూసేవాణ్ణి, నా ముఖం ఆమె చూసేది. తొందరగా పోవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. వచ్చిన రోజులు మాత్రం అన్నన్ని ఉన్నాయి.

రేపు పొద్దున వెనక ఎవరూ లేకుండా బయటికి తీయాలి. అది రేపు చూసుకోవచ్చు. లైట్లు ఆర్పబుద్ధి కాలేదు. కారులోనే కూర్చుని, ఆ కుర్చీ వైపు చూస్తూ, "వచ్చినా" అన్నాను.