సదర్‌కు ముందు చేయి మారిన పగ్గం

కోవిడ్ సద్దుమణిగిన తర్వాత, ఒక దసరా వెళ్లిన వారంలో, పాతబస్తీలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా చేరాను. ఇంజినీరింగ్ చదివి సైకాలజీకి మారినవాణ్ణి కనుక ఏ పనైనా వరుసక్రమంలో చేయడం నాకు అలవాటు. ఇప్పుడా ఉద్యోగంలో లేను. యువ రోగుల విభాగంలో మా పద్ధతి ఇది: ముందు రోగితో విడిగా మాట్లాడాలి, తర్వాత వెంట ఉండి చూసుకునేవారితో విడిగా, ఇద్దరూ ఒప్పుకుంటేనే కలిపి. ఒకరు చెప్పింది వారి అనుమతి లేకుండా రెండోవారికి చేరకూడదు.

చేరిన కొద్దిరోజులకే డాక్టరుగారు మహేశ్‌ను నా దగ్గరికి పంపారు. పురానాపూల్ దగ్గర పాల వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు, పంతొమ్మిదేళ్లు, లింఫ్ గ్రంథుల క్యాన్సర్. మందు బాగా పనిచేస్తోంది. సగం కీమో అయ్యాక మిగతాది వద్దంటున్నాడు. ఇప్పుడు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

శిక్షణలో నేర్పినట్టే, "మనసులో వ్యథ ఏమైనా ఉందా?" అని అడిగాను.

"గదేంది?" అన్నాడు.

"ఫికర్."

"నాకేం ఫికరన్నా? గడ్డం గీసుకునే పని గూడ తప్పింది."

ఇద్దరం నవ్వాం. లేవబోతూ అతనే అన్నాడు: "దున్న పగ్గం శీనుగానికిచ్చిన్రు. నాకు ఒక్క మాట చెప్పలే."

దీపావళి తర్వాత వచ్చే సదర్‌లో యాదవుల ఇళ్లవాళ్లు దున్నపోతులను అలంకరించి ఊరేగిస్తారు. పగ్గం పట్టినవాడి కేకకు దున్న ముందుకాళ్లు లేపి నిలబడాలి. వాళ్లింట్లో ఆ పగ్గం మహేశ్‌ది. శీను అతని పెదనాయన కొడుకు.

"ఇంకొకనికిచ్చిన్రంటే, నేను మళ్ల లేస్తనని ఇంట్ల నమ్ముత లేరన్నట్టే గదన్నా. మరి గీ సూదులెందుకు?"

తండ్రి యాదగిరిని విడిగా కూర్చోబెట్టి, జబ్బు వచ్చాక ఇంట్లో ఏం మారిందని మాత్రమే అడిగాను. జనంలో తిరిగితే కొడుక్కి జ్వరం వస్తుందని డాక్టరుగారు చెప్పడంతో దున్న పగ్గం శీనుకిచ్చారట. "సదర్ ముచ్చట తీస్తే పోరడు ఏడుస్తడని ఎవ్వలం తియ్యలే సార్," అన్నాడు.

ఇద్దరి అనుమతితో కలిపి కూర్చోబెట్టాను. నేను నోరు తెరవక ముందే యాదగిరి అందుకున్నాడు. "పగ్గం గీ ఒక్క ఏడాదికేరా. శీనుగాడు కేకేస్తే దున్న వాని మొఖం జూసుకుంట నెమరేస్తది."

"మరి నాకు చెప్పవా బాపు?"

"నువ్వు ఏడుస్తవని."

"నేను గాదు, నువ్వు ఏడుస్తవని చెప్పు."

యాదగిరి కండువాతో ముఖం తుడుచుకుంటూ నవ్వాడు.

కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. అందుకని గుంపులోకి, దున్న దగ్గరికి వెళ్లడానికి డాక్టరుగారు ఒప్పుకోలేదు. మాస్కు పెట్టుకుని మేడ మీద నుంచి చూడటానికి ఒప్పుకున్నారు. శీనుకు కేక నేర్పే పని మహేశ్ తీసుకున్నాడు. తర్వాతి కీమోకు తనంతట తానే వచ్చి మంచమెక్కాడు.

సదర్ అయ్యాక యాదగిరి నాకు వీడియో చూపించాడు. శీను ఎంత అరిచినా కదలని దున్న, మేడ మీద నుంచి మహేశ్ కేక వినబడగానే ముందుకాళ్లు లేపి నిలబడింది. ఆ మెప్పంతా తనదేనని శీను గల్లీలో చెప్పుకుంటున్నాడట. మహేశ్ చికిత్స పూర్తిచేసి, డెయిరీ పనిలోకి తిరిగి వెళ్లాడు.

ఆ తర్వాత ప్రతి రోగినీ మొదటిరోజే రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. జబ్బు వచ్చాక నీ పనుల్లో ఏది ఇంకొకరికి ఇచ్చారు? ఆ సంగతి నీకు ఎవరు చెప్పారు? రెండోదానికి ఎవరూ చెప్పలేదని అంటే, రోగి అనుమతి తీసుకుని, ఇంటివాళ్లను అప్పుడే లోపలికి పిలిచేవాణ్ణి.