పాస్‌వర్డ్ అడగకుండ సారునైన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ, అందుకే జర నెమ్మదిగా మాట్లాడుతున్న.) డిగ్రీ కాంగనే చేవెళ్లల ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌ల ల్యాబ్ అసిస్టెంట్‌గ చేరిన. మా సారు సిటీల మూతపడ్డ గేమింగ్ సెంటర్ నుంచి సిస్టంలు పట్టుకొచ్చిండు. టైపింగ్ నేర్చుకునేటోళ్ల చేతివేళ్ల కింద కీబోర్డులు ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో మెరుస్తుండేవి. "ఈ లైట్లను నడిపే గేమ్ సాఫ్ట్‌వేర్ తీసేద్దామా సార్?" అంటే, "ఉండనీ, లైట్లు మంచిగున్నయ్" అనెటోడు. ఏది ఎక్కించాలన్నా, ఏది తీసెయ్యాలన్నా సారు పాస్‌వర్డ్ కావాలె. అది నాకు చెప్పకపోవుడు నాకు పెద్ద అవమానం.

ఒకరోజు ఆ గేమ్ సాఫ్ట్‌వేర్‌ల లోపం ఉన్నదని నెట్‌ల చదివిన. దాన్ని అప్‌డేట్ చేసే ప్రోగ్రాం సిస్టం మీద పూర్తి అధికారంతో నడుస్తది గని, అది ఉండే ఫోల్డర్‌కు కాపలా లేదు. అందుల మన ఫైలు పెడితే తనదే అనుకొని, అదే అధికారంతో నడిపిస్తది. మామూలు యూజర్ క్షణంల యజమాని అయిపోతడు. కొత్త అప్‌డేట్ వేస్తే లోపం పోతది. సారుకు ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలే. చేసి చూసిన. అయింది! ఆ పూటంతా నా నడకే మారిపోయింది.

అధికారం దొరికినోడు ఊకుంటడా? సిస్టం నెమ్మదిగున్నదని, క్లాసుకు రానోళ్ల అకౌంట్లన్నీ ఫైళ్లతో సహా తీసేసిన. అందుల పూలక్కది ఒకటి. (పేరు మేం పెట్టుకున్నదే, మొయినాబాద్ దిక్కు బంతితోట ఉన్నదామెకు.) ఏ పువ్వు ఎప్పుడు నాటాలె, ఏ తెగులుకు ఏ మందు కొట్టాలె అని మూడు నెలలు ఒక్కో అక్షరం ఎతుక్కుంట పెద్ద టేబుల్ టైపు చేసింది. అదే ఆమె ప్రాజెక్టు. అది చూపించి సర్టిఫికెట్ తీసుకొని, చందనవెల్లిల ఏదన్న కంపెనీ ఆఫీసు పనికి పోవాలని ఆమె ఆశ. పూల కోతలని పది రోజులు రాకపోతే, మానేసిందనుకున్న.

వచ్చింది. ఎతికింది. సారును పిలిచింది.

"ఏదో తప్పు నొక్కినవమ్మా, మొత్తం పోయింది" అన్నడు సారు.

ఆమె చేతులు ఒళ్లె పెట్టుకొని, "అయ్యుంటది సార్. నా వేళ్లకు మట్టి పని తప్ప ఏమొస్తది" అన్నది.

నేను పక్కనే ఉన్న. నోరు తెరవలే. తెల్లారి నుంచి ఆమె రాలే. నౌకరి పోతదని భయపడ్డ అంటే కొంతే నిజం. నా తెలివి గింతేనని అందరికీ తెలుస్తదని భయపడ్డ, అది అసలు నిజం.

రెండేండ్ల తర్వాత చేవెళ్ల అంగట్ల పూలమ్ముకుంట కనపడ్డది. దగ్గర కూసొని మొత్తం చెప్పిన. తిడుతదనుకున్న. గంపల పూలు సదురుతున్న చెయ్యి ఆగింది.

"అంటే తమ్మి, నేను తప్పు నొక్కలేదా?"

"లేదక్కా."

"నిజంగ?"

"నిజంగ అక్కా. నేనే తీసేసిన."

మల్ల పూలు సదురుకుంట, "గప్పుడే చెప్తే అయిపోతుండె గదా. మల్ల టైపు చేసేదాన్ని" అన్నది.

ఇప్పుడు గిసొంటి లోపాలు పట్టుడే నా పని. "లోపం కనపడంగనే ముందు చెప్పాలె" అని కొత్తగ చేరినోళ్లకు పెద్దమనిషి లెక్క పాఠం చెప్తుంటే, నా మీద నాకే నవ్వొస్తది. ఆ నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవదు.