‘గడి’ని ‘కోట’ చేసిన రోజు

2023 ఎండాకాలం. జనగామలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో యాకయ్య నడిపే రికార్డింగ్ గది. గోడలకు స్పాంజి, కిటికీకి అడ్డంగా పాత పరుపు. ఎన్నికలప్పుడు ఆటోల్లో మోగే పాటలూ, దుకాణాల ప్రకటనలూ అక్కడే పుడతాయి. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని రికార్డింగు సాగినంతసేపూ దాన్ని ఆపేస్తారు. ఆ ఉక్కపోతలో చెమటలు కారుతూ ఒక వీడియో గేమ్ కోసం నేను పోట్లాడాను. ఈ వయసులో నీకు ఆటలెందుకని ఇంట్లో నవ్వారు. నాకది ఆటలా కనిపించలేదు.

నా వృత్తి అనువాదం. బడికి పోయింది తక్కువ. మానుకోట ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చుతూ తెలుగు నేర్చుకున్నాను. యంత్రాల పెట్టెల్లో వచ్చే కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. పంపుసెట్ల మాన్యువళ్లు, పురుగుమందు డబ్బాల మీది హెచ్చరికలు, భూపాలపల్లి గనుల దగ్గర పెట్టే జాగ్రత్త బోర్డులు, ఏది వస్తే అది తెలుగు చేశాను. కంప్యూటర్లు వచ్చాక హైదరాబాదు కంపెనీలు ఫోనుల్లోని మాటలు పంపడం మొదలుపెట్టాయి. ఆ దారిలోనే ఈ గేమ్ వచ్చింది.

గేమ్‌ను మన భాషలోకి తేవడాన్ని లోకలైజేషన్ అంటారు. పాత్రలు పలికే ఒక్కో వాక్యం ఒక్కో స్ట్రింగ్. అవి కథ వరుసలో రావు, కలిపేసిన పేకముక్కల్లా వస్తాయి. ‘ఇటు ఇవ్వు’ అని ఒకటి వస్తుంది. ఎవరు అడుగుతున్నారో, ఏది అడుగుతున్నారో పోల్చుకోవడమే అనువాదకుడి పని. స్ట్రింగులతో పాటు స్టైల్ గైడ్ అని ఒకటి పంపుతారు. ఏ పాత్ర ఎలా మాట్లాడాలో చెప్పే సూచనలన్న మాట.

కథ ఇది. పెద్ద యుద్ధంలో లోకం బుగ్గి అయిపోయింది. మిగిలినవాళ్లు శిథిలాల్లో బతుకుతున్నారు. వాళ్ల మధ్య ఒక సైన్యం ఉంది. కవచాలు తొడుక్కుని, ప్రతిజ్ఞలు చెప్పుకుంటూ మఠంలా కట్టుదిట్టంగా ఉంటుంది. ఊరూరూ తిరిగి పాత యంత్రాలన్నీ పట్టుకుపోయి నేలమాళిగలో దాస్తుంది. యంత్రాల వల్లే లోకం పాడైంది కనుక అవి సామాన్యుల చేతుల్లో ఉండకూడదని వాళ్ల వాదన. తమ చేతుల్లో మాత్రం ఉండవచ్చట! ఆ సైన్యానికి కంపెనీవాళ్లు ‘దళం’ అని పేరు సూచించారు. భూపాలపల్లి వైపు ఆ మాట అంటే జనం ఇప్పటికీ ఒకసారి అడవి వైపు చూస్తారు. అది వద్దని ‘కావలిసేన’ అని రాశాను.

అందులో ఒక ఘట్టం. ఒక ఊళ్లో చెడునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం ఉంటుంది. కావలిసేన కెప్టెన్ దాన్ని పట్టుకుపోవడానికి వస్తాడు. ఊరి పెద్ద అయిన ముసలామె అడ్డం నిలబడుతుంది. ఇద్దరూ వాదించుకున్నాక, యంత్రం ఎవరికి దక్కాలో ఆట ఆడేవాడు తేల్చాలి.

ఆ ముసలామె గురించి స్టైల్ గైడ్ ఏం చెప్పిందో తెలుసా? ‘కెప్టెన్, అధికారులు: ప్రామాణిక తెలుగు, గంభీరంగా. ఊరివాళ్లు, ముఖ్యంగా ముసలామె: తెలంగాణ యాస, హాస్యంగా.’

నాకు ఒళ్లు మండింది. కుర్రతనంలో మేం జనగామ టాకీసులో సినిమా చూస్తుంటే మా మాట ఎవరి నోట వినిపించేది? రౌడీ నోట, పాలేరు నోట, మతి చెడినవాడి నోట. అది వినిపించగానే హాలంతా గొల్లుమనేది. ఆ హాల్లో కూర్చుని నవ్వేదీ మేమే! ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, తెర మీద హీరోలూ మా మాటే మాట్లాడుతున్నారు, ఇంకా ఆ కోపమెందుకని నన్ను అడిగేవాళ్లున్నారు. ఇందుకే. లోకం బుగ్గి అయిపోయాక కూడా మాకు నవ్వించే వేషమే మిగిల్చారు.

ముసలామె మాటలను మా మాటలోనే రాశాను, నవ్వులాట లేకుండా. కెప్టెన్ చివరి స్ట్రింగ్ దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. ‘మీ మేలు కోరే దీన్ని తీసుకెళ్తున్నాం’ అంటాడు.

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. మా ఊరి గడిలో, అంటే దొర ఉండే ఎత్తైన ప్రహరీ బంగళాలో, ఒక ఆయిల్ ఇంజను ఉండేది. ఊరంతా మోటలతో నీళ్లు తోడుకునే రోజులవి. వరి ఎండిపోతుంటే మా నాయిన ఇంకొందరితో కలిసి గడి ముందు నిలబడ్డాడు, ఒక్క పూట ఇంజను ఇవ్వమని. “మీకేం తెల్వదురా. చేతులు తెగ్గొట్టుకుంటరు. మీ మంచికే చెప్తున్న,” అన్నాడు దొర. ఆయన వాడిందీ లేదు, మాకు ఇచ్చిందీ లేదు. తార్పాలిన్ కింద ఆ ఇంజను తుప్పు పట్టిపోయింది. మా పొలం ఎండిపోయింది.

కావలిసేన యంత్రాలు దాచే నేలమాళిగకు నేను ‘గడి’ అని రాశాను. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ముసలామెకు గొంతు ఇవ్వడానికి యాకయ్య సోమ్లమ్మను పిలిపించాడు. ఆమెది దంతాలపల్లి దగ్గరి తండా. కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూర్పారబట్టే పని. చాటలు, లారీలు, హమాలీల కేకలు అన్నింటినీ దాటి వినిపించే గొంతు. ఎన్నికల ఆటోల్లో ఆ గొంతు వినని ఊరు మా దిక్కున లేదు.

“ఆటకు గొంతు ఇచ్చుడేంది బాపూ?” అని అడిగింది నన్ను. కథ చెప్పాను.

“అంటె నీళ్ల మిషిను తీస్కపోనీకె వచ్చినోన్ని తిట్టాలె. గంతేనా? దానికి ప్రాక్టీస్ ఎందుకు!” అంది.

హైదరాబాదు కంపెనీ నుంచి హరిణి అనే అమ్మాయి వీడియో కాల్లో ఉంది. కోస్తా అమ్మాయి, పనిమంతురాలు. నేను పంపిన ఫైలును సరిచూసి, మార్పులు చేసి తిరిగి పంపింది కూడా ఆమే. సోమ్లమ్మ ఆ కాగితం పట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే ఆగింది.

“యుద్ధమై ఎన్నో ఏండ్లు కోట... కోటచినయి. కోటచినయా? గిదేం మాట బాపూ?”

కాగితం లాక్కుని చూశాను. కింద ఇంకోటి: ‘ఆ గోడ మీది కోటయారం ఆగిపోయింది.’ ఇంకొంచెం కింద: ‘కష్టంగ కాలం కోటపినం.’

యాకయ్య హెడ్‌ఫోన్లు తీసేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. “టైమెంతైంది సారూ, మీ కోటయారంల?”

నాకు అర్థమైంది. ఫైండ్ అండ్ రీప్లేస్ అనే సదుపాయం ఒకటుంది. ఒక మాటను ఫైలంతా వెతికి, దాని స్థానంలో ఇంకో మాటను ఒక్కసారే పెట్టేస్తుంది. హరిణి ‘గడి’ తీసేసి ‘కోట’ పెట్టమంది. ఆ మీటకు తెలుగు రాదు కదా. ‘గడిచినయి’ కాస్తా కోటచినయి, గడియారం కోటయారమైంది.

ఫోనులో హరిణి రెండు చేతులతో మొహం కప్పుకుంది. “అయ్యో మాస్టారూ, సారీ అండీ! ‘గడి’ అని ఉంటే టైపింగ్ తప్పేమో అనుకున్నాను. మా వైపు గడి అంటే తలుపు గడి, లేదా చదరంగంలో గడి. కెప్టెన్ ‘మా గడికి తీసుకెళ్తాం’ అంటుంటే అర్థం కాలేదు. కోట అంటే బావుంటుంది కదా అని...”

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. సోమ్లమ్మ ముందే అందుకుంది.

“కోటకు టికెట్ కొనుక్కొని పోతరు మేడం. ఫోటోలు దిగుతరు. గడికి పిలిస్తెనే పోయెటోళ్లు. పోయినోడు మల్ల ఎప్పుడొస్తడో ఇంట్లోళ్లకు ఎర్కలేకుంటుండె. మా తాత గడి ముంగటికెల్లి చెప్పులు చేతుల వట్టుకొని నడిచిండు. గది గడి అంటె.”

హరిణి పెన్ను తీసి ఆ మాట రాసుకుంది. తర్వాత మెల్లగా, “మా తలుపు గడికీ దీనికీ ఏమీ సంబంధం లేదన్నమాట,” అంది.

“ఎందుకు లేదు? తలుపుకు లోపల్కెల్లి ఏసుకునేదే గద గడి! బయటున్నోళ్లం మేము.”

హరిణి గట్టిగా నవ్వేసింది. “గడి ఉంచేద్దాం మాస్టారూ. ఒక్కోటీ చేత్తోనే మారుస్తాను.”

ఆ మాట నిలబడింది కానీ అసలు చిక్కు అలాగే ఉంది. సోమ్లమ్మ ఘట్టమంతా ఒక్క టేకులో చెప్పేసింది. టేక్ అంటే ఆపకుండా ఒకసారి రికార్డు చేయడం. అరవలేదు. యార్డులో తూకం దగ్గర తేడా వస్తే నిలబడి మాట్లాడినట్టు మాట్లాడింది. యాకయ్య చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

“చాలా బాగుంది సోమ్లమ్మ గారూ,” అంది హరిణి. “కానీ పైవాళ్లు కామెడీగా కావాలంటున్నారు. అలా రాకపోతే ఈ పాత్రకు హైదరాబాదులో ఒక కామెడీ ఆర్టిస్టును పెడతామన్నారు. నిర్ణయం నా చేతిలో లేదండి.”

నేను లేచాను. “హరిణమ్మా, కామెడీ కావాలంటే కెప్టెన్‌ను చేయించండి. ఊరి నీళ్లు ఎత్తుకుపోతూ మేలు చేస్తున్నానంటున్నాడు, వాడికంటే నవ్వొచ్చేవాడెవడు?”

“జర కూసో బాపూ,” అంది సోమ్లమ్మ నా వైపు చూడకుండానే. “మేడం, నాకు గీ తెలుగు గూడ నేర్సుకున్నదే. ఇంట్ల మాది లంబాడి మాట. నేర్సుకున్న మాటల ఏడ్సుడూ వస్తది, నవ్విచ్చుడూ వస్తది. మీకు నవ్వు గావాలె, గంతే గద? పెట్టు యాకన్నా.”

ఆమె ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

అవే మాటలు మళ్లీ చెప్పింది. ముక్కుతో సాగదీసింది, ప్రతి మాట చివర దీర్ఘం తీసింది, ‘మిషిను’ అనే చోట వెక్కిళ్లు తెచ్చుకుంది. యాకయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. హరిణి కళ్లనీళ్లు తుడుచుకుంది. చెప్పకపోతే అబద్ధమవుతుంది, నేను కూడా నవ్వాను.

సోమ్లమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. “మంచిగున్నదా?”

“సూపరండీ!” అంది హరిణి.

“ఇప్పుడు చెప్పున్రి. గీమెకు మిషిను ఇడ్సిపెడతరా మీరు?”

యాకయ్య నోటి మీది తువ్వాలు తీసేశాడు.

నేను ఆ ఘట్టం మీద పేజీలకు పేజీలు అభ్యంతరాలు రాసి పంపినవాణ్ణి. ఇంత ముక్క నాకు తోచలేదు. కావలిసేన వాదమంతా ఏమిటి? ఈ జనానికి యంత్రాలు పెట్టుకునే తెలివి లేదని. ముసలామెను నవ్వులపాలు చేస్తే, ఆట ఆడేవాడి చెవిలో ఆ వాదాన్ని మనమే ఊదినట్టు.

హరిణి తెలివైన పిల్ల. వాదించి పైవాళ్లను ఒప్పించలేనని ఆమెకు తెలుసు. “రెండు టేకులూ పంపండి మాస్టారూ. టెస్టర్ల చేత ఆడించి చూస్తాను,” అంది. టెస్టర్లంటే గేమ్ బయటికి రాకముందు ఆడి తప్పులు చెప్పే కుర్రాళ్లు. కొందరికి ఒక గొంతు, కొందరికి ఇంకో గొంతు పెడతానంది.

ఎదురుచూపులు నాకు అలవాటు లేవు. రోజూ ఫోను చేసి ఆమెను పరేషాన్ చేశాను. సోమ్లమ్మ మాత్రం యార్డుకు పోయి చాట పట్టుకుంది.

హరిణి ఫోను వచ్చినప్పుడు బస్టాండులో ఉన్నాను. ఆమె గొంతులోనే తెలిసిపోయింది.

“మాస్టారూ, నవ్వించే టేక్ విన్నవాళ్లు చాలామంది నవ్వుకుంటూ యంత్రాన్ని కెప్టెన్‌కే ఇచ్చేశారండి. ఎందుకిచ్చారని అడిగితే, ఆవిడకు అదెలా వాడాలో తెలీదుగా అన్నారు. మాటలు మాత్రం అవే! మొదటి టేక్ విన్నవాళ్లు ఆగిపోయారు. కెప్టెన్‌కు ఇచ్చినవాళ్లే లేరు. మా గుడివాడ కుర్రాడొకడున్నాడు, కెప్టెన్‌ను ఊరవతలికి గెంటడానికి ఏ బటన్ నొక్కాలండీ అని అడిగాడు!”

“పైవాళ్లు ఏమన్నారమ్మా?”

“సోమ్లమ్మ గారి గొంతు ఖాయం. ఆవిడది ఒక్కటే కాదు, స్టైల్ గైడ్‌లో ఊరివాళ్లందరి పక్కనా ‘హాస్యంగా’ అన్న మాట కొట్టేయించాను. గడి గడిలానే ఉంది. గడియారం కూడా సరిగ్గా నడుస్తోంది.”

జనగామ బస్టాండులో, అంతమంది నడుమ, ఒక ముసలివాడు పైకండువా గాల్లో తిప్పడం మీలో ఎవరైనా చూసి ఉంటే, అది నేనే.

గేమ్ బయటికి వచ్చాక ఫోనులో ఆ ఘట్టం పెట్టుకుని కేసముద్రం పోయాను. అది మక్కలు, అంటే మొక్కజొన్నలు, యార్డుకొచ్చే కాలం. రాశుల మధ్య ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి చుట్టూ మూగారు. తెర మీద కెప్టెన్ కవచంలో నిలబడి, ‘మీ మేలు కోరే దీన్ని మా గడికి తీసుకెళ్తున్నాం’ అన్నాడు. పెద్దవంగర నుంచి కూలికి వచ్చే ఒక అవ్వకు అది ఆట అని తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా.

“ఇయ్యకు బిడ్డా!” అని అరిచింది. “గడిలకు పోయింది మల్ల బయటికి రాదు!”

ఒక మనిషి మాటను నవ్వులాటకు వాడుకున్నవాడు, ఆ మనిషి చేతిలో ఉన్నదాన్ని లాక్కోవడానికి సగం దారి వేసినట్టే. నా వృత్తిలో అన్నేళ్లు గడిపి నేర్చుకోని ఈ సంగతి ఆ ఉక్కపోత గదిలో నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఏ ఫైలు వచ్చినా, ఎవరి పక్కన ‘హాస్యంగా’ అని ఉందో ముందు చూస్తాను. వాళ్ల దగ్గరి నుంచి ఎవరు ఏం తీసుకుపోవాలనుకుంటున్నారో ఆ తర్వాత చూస్తాను. రెండూ ఒక్కచోటే దొరుకుతాయి.

అవ్వ అరిచిన అరుపుకు ఫోనులోంచి సోమ్లమ్మ గొంతే జవాబు చెప్పింది, ఏ తొందరా లేకుండా.

“గిది మా మిషిను. చెడిపోతె మేమే బాగు చేసుకున్నం. ఇగ ముందు గూడ మేమే చేసుకుంటం. నువ్వు నడువు.”

‘యంత్రం ఊరిదే’ అన్న బటన్ నొక్కాను. తెర మీద కెప్టెన్ వెనక్కి తిరిగాడు. యార్డులో ఆడవాళ్లు చాటల మీదే చప్పట్లు కొట్టారు.