ఒడ్డున చోటు చూపినవాడు

మిత్రులం ఏటా నల్లమల అడవిలో కృష్ణ ఒడ్డుకు చేపల వేటకు వెళ్లేవాళ్లం. ఎల్బీనగర్ నుంచి వచ్చే ఒక మిత్రుడు జీపు దిగగానే చదునైన నేల వెతికి, ముళ్లు ఏరి, తన దుప్పటి పరిచేవాడు. “గిది సార్ జాగ, ఎవ్వలు కూసోవద్దు” అనేవాడు. వయసులో పెద్దవాణ్ణని నాకు ఆ గౌరవం.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న సంవత్సరం, గాలాలు వేసి కూర్చున్నప్పుడు మరొక మిత్రుడు నవ్వుతూ అడిగాడు: “రాష్ట్రమొస్తే మన ఆంధ్రా సార్ ఏడికి పోతడు?”

ఆ పరిహాసాన్ని ఎల్బీనగర్ మిత్రుడు ఖండిస్తాడని ఎదురుచూశాను. నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే, “ఏడికేంది? సార్‌కు గుంటూరు దిక్కు ఇల్లున్నది గద” అన్నాడు.

ఆ ఇల్లు అమ్మిన డబ్బుతోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నానని అతనికి తెలుసు. అమ్మిన నాడు నాకు తోడుగా ఊరికి వచ్చినవాడు అతడే.