అలీ సాహెబ్ చదివిన కాగితం

“ఇది ఎవరి పేరున చదవాలి మాస్టారూ?” అని అలీ సాహెబ్ నన్ను అడిగాడు. 

ముప్పై ఏళ్లుగా మా ఊళ్లో ఏ కబురైనా అతని గొంతులోంచే బయటికి వచ్చేది. పింఛన్లు ఎప్పుడిస్తారో, గేదెలకు సూదులు ఎప్పుడు వేస్తారో, చర్చి పండగ ఏ రోజో, ఎవరు పోయారో, అన్నీ ఆటో మీద రెండు మైకులు బిగించుకుని వీధి వీధికీ తిరిగి చెప్పేవాడు. నేను పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయినవాణ్ణి. పుస్తకాలు తప్ప వేరే వ్యాపకం లేదు. నా రాత బాగుంటుందని కబుర్లు నా చేతనే రాయించుకునేవాడు. చదవడం అయ్యాక ఆ కాగితాన్ని మళ్లీ తెచ్చి నా వసారా గట్టు మీద పెట్టి వెళ్లేవాడు. మీ రాత మీకే ఉండాలి అనేవాడు.

రాసిచ్చిన ప్రతిసారీ, ఎవరి పేరున చదవాలి అని అడగడం అతని అలవాటు. కుర్రతనంలో ఒకసారి పేరు చెప్పకుండా సాగర్ కాలవ నీళ్లు ఆపేస్తున్నారన్న కబురు చదివితే, రైతులు అతని ఇంటి మీదికే వచ్చారట. “అప్పట్నుంచి నోరు నాది, మాట వాళ్లది అని ముందే చెప్పేస్తన్నా” అని నవ్వేవాడు.

మొన్నటి పంచాయతీ ఎన్నికల ముందు బడి ఆవరణలో ఊరంతా కూడింది. మా ఊరికి ఏకగ్రీవం కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట పోలింగు రోజున ఇదే బడి దగ్గర బాంబులు పడ్డాయి. బసవమ్మ భర్త ఆ గోడ పక్కనే ప్రాణం విడిచాడు. అప్పట్నుంచి పెద్దలు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, ఆ ఒక్కరే నామినేషన్ వేస్తారు. పంచాయతీ ఓటంటే ఏమిటో తెలియకుండానే పెళ్లిళ్లై పిల్లలను కన్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. దాని వల్ల ఎవరూ చావలేదు. అదీ నిజమే.

ఈసారి సర్పంచిగా అనుకున్న పేరుతో పెద్దాయన శివరామయ్య తీర్మానం చదివాడు. గ్రామస్తులందరి సమ్మతితో, అని ఉంది అందులో. మైకు అలీదే. ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పండి అని రివాజు ప్రకారం అతనే మూడుసార్లు అడిగాడు. ఎవరూ పలకలేదు. మూడోసారి అడిగి, తనే అన్నాడు.

“నాకుంది. సర్పంచి మంచోడే. ఓటు పెడితే నేనూ ఆయనకే వేస్తా. కానీ నన్నడక్కుండా అందరూ అని రాయబాకండి. ఒకడు తప్ప అని రాసుకోండి.”

ముందు నవ్వారు. “ఏందిరా సాయిబూ, అద్దెకు తెచ్చిన మైకు మాకే ఎదురు చెప్తంది?” అన్నాడు శివరామయ్య. అంతటితో పోయేదే. ఆడవాళ్లలోంచి బసవమ్మ లేచింది.

“నీకు ఓటు కావాల. నాకు మొగుడు కావాల. ఎవురిస్తారు తమ్ముడా?”

“అక్కా, బావ ఆ రోజు ఓటెయ్యడానికే గదా వచ్చింది” అన్నాడు అలీ.

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట చర్చి దాకా వినిపించింది. బసవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది. అలీ అన్నది తప్పు అనేవాళ్లను చేతులెత్తమన్నాడు శివరామయ్య. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. బసవమ్మను చూసి ఎత్తానో, పక్కవాళ్లను చూసి ఎత్తానో నాకే తెలియదు.

ఆ సాయంత్రమే అలీ ఆమె ఇంటికి వెళ్లాడు. గడప బయట నిలబడి, నీ మనసు కష్టపెట్టానక్కా అన్నాడట. ఆమె చెంబుతో మజ్జిగ ఇచ్చిందట. ఇది అప్పుడెవరికీ తెలియదు. ఊరికి తెలిసింది ఫోన్లలో తిరిగిన వీడియో. అందులో బావ మాట ఒక్కటే ఉంది, ముందూ వెనకా లేవు. వారంలో చర్చి పండగ మైకు గురజాల వాళ్లకు వెళ్లింది. కల్లాల దగ్గర కబురు చెప్పబోతే, ముందు నీ కబురు చెప్పు అని తిప్పి పంపారు.

శివరామయ్య మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు; గొడవ ఇంతటితో అణగాలని నిజంగానే అనుకున్నాడు. తప్పయిందని నాలుగు ముక్కలు రాసివ్వండి, వాడు ప్రతి వీధిలో చదివితే చాలు, అందరం మర్చిపోతాం అన్నాడు. మీరు రాస్తే వాడు కాదనడు అని కూడా అన్నాడు. నేను రాశాను. రాస్తే అలీ ఊళ్లోనే ఉంటాడనుకుని రాశాను. కొట్టివేతలు లేకుండా, ఎప్పుడూ రాసేంత బాగా రాశాను.

మర్నాడు అలీ వచ్చి రెండుసార్లు చదువుకున్నాడు.

“అక్క దగ్గర తల వంచి వచ్చా మాస్టారూ. ఆ ముక్క ఇందులో లేదు. అందరి మాటే నా మాట అని ఉంది.”

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

“ఇది ఎవరి పేరున చదవాలి మాస్టారూ?”

“చదివెయ్ అలీ. ఊళ్లో బతకొద్దా?”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

మరుసటి ఉదయం మైకు వినబడింది. “శివరామయ్య గారు చెప్పించగా, పోస్టుమాస్టారు గారు రాయగా, అలీ సాహెబ్ చదువునది ఏమనగా…” ఆ తరువాత నా మాటలు ఒక్కటీ వదల్లేదు. గేదెల సూదుల కబురు చదివిన గొంతుతోనే చదివాడు. వీధి మారినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి, మళ్లీ నా పేరుతో. ఎక్కడో ఎవరో నవ్వారు. శివరామయ్య మనిషిని పంపి ఆపించబోయాడట గానీ, అప్పటికే ఆఖరి వీధి కూడా అయిపోయింది. ఆ వీధిలోనే బసవమ్మ ఇల్లు. ఆమె తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నదని తరువాత తెలిసింది.

ఆటో మా సందులోకి తిరిగింది. కాగితం ఇవ్వడానికి ఆగుతాడని లేచి గట్టు దగ్గరికి వచ్చాను.  వెనక సీట్లో పరుపుచుట్టల మధ్య అతని భార్య జరీనా గ్యాసు పొయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలీ చూపు రోడ్డు మీదనే ఉంది. ఆటో ఆగలేదు. మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. రెంటచింతల రోడ్డెక్కి చానా దూరం పోయేదాకా, ఇంజను చప్పుడు ఊరంతటికీ వినబడుతూనే ఉంది.